గోదావరి డెల్టాలో తక్కువ బడ్జెట్ గేమింగ్ సిస్టం: లెక్క ప్లగ్గు దగ్గర మొదలవ్వాలి

యాభై వేలో, డెబ్భై వేలో పెట్టి గేమింగ్ సిస్టం అసెంబుల్ చేయించుకుందామనుకునేవాళ్ళ దగ్గర షాపుకి వెళ్ళేసరికే ఒక లిస్టు ఉంటుంది. ఏదో వీడియో చూసి రాసుకున్నది, ప్రాసెసర్ ఇది, గ్రాఫిక్స్ కార్డు ఇది, మొత్తం ఇంత అని. ఆ లిస్టులో పార్టులు మంచివే కావచ్చు. కానీ దాన్ని వేసినవాళ్ళు ఢిల్లీలోనో బెంగళూరులోనో ఏసీ గదిలో కూర్చుని వేశారు, అక్కడ కార్డు పోతే సర్వీస్ సెంటర్ ఆటోలో వెళ్ళొచ్చేంత దూరంలో ఉంటుంది. అదే లిస్టు భీమవరం పక్కన రొయ్యల చెరువుల మధ్య ఇంట్లోనో, అమలాపురం అవతల లంక ఊళ్ళోనో నాలుగైదేళ్ళు నడవాలంటే లెక్క వేరేగా వేయాలి. గ్రాఫిక్స్ కార్డుకి ఎంత పెట్టాలన్నది ఇక్కడ రెండో ప్రశ్న. గోడ ప్లగ్గులో ఏం వస్తోంది, ఆ వచ్చేదాన్ని ఈ సిస్టం ఎంతవరకు తట్టుకుంటుంది అన్నది మొదటి ప్రశ్న. దానికయ్యే డబ్బు ముందే పక్కన పెట్టేసి, మిగిలినదాన్ని మాత్రమే గేమింగ్ బడ్జెట్ అనుకోవాలి.

కరెంటు కూడా ఒక పార్టే

కొటేషన్ బడ్జెట్ దాటుతోందంటే మొదట కోత పడేది ఎస్‌ఎంపీఎస్‌కే, అంటే గోడ కరెంటుని పార్టులకి తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బాకే, ఎందుకంటే దానివల్ల ఒక్క ఎఫ్‌పీఎస్ (గేము సెకనుకి చూపించే బొమ్మల లెక్క) కూడా పెరగదు. కేబినెట్‌తో పాటు వచ్చే 450 వాట్ల డబ్బాతో సరిపెట్టేస్తే మూడు నాలుగు వేలు మిగులుతాయి, ఆ డబ్బు కలిపితే ఒక మెట్టు పై కార్డు వస్తుంది, వినడానికి బాగానే ఉంటుంది. ఈ మొత్తం వ్యవహారంలో ఇంతకన్నా ప్రమాదమైన పొదుపు లేదు. ఆ డబ్బా మీది స్టిక్కర్ చదివితే విషయం తెలిసిపోతుంది. ఇప్పటి సిస్టంలో ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ కరెంటు తీసుకునేది దాదాపు అంతా 12 ఓల్టుల లైను నుంచే. నాసిరకం డబ్బా మీద పెద్దక్షరాలతో 450 అని ఉన్నా, కింద పట్టికలో 12 ఓల్టుల గడిలో 15 అనో 18 అనో ఆంపియర్లు కనిపిస్తాయి. 18ని 12తో గుణిస్తే 216 వాట్లు, అంతే దాని అసలు సత్తా, అదీ స్టిక్కర్ నిజమే చెబుతోందనుకుంటే. పేరున్న కంపెనీ 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మీద అదే గడిలో 45 ఆంపియర్ల దాకా ఉంటుంది, అంటే 540 వాట్లు. రెండు డబ్బాల మీదా రాసిన పెద్ద అంకెల మధ్య తేడా వంద, లోపలి తేడా మూడొందలకి పైనే.

80 ప్లస్ ముద్ర చూసి కూడా కొనేయకూడదు. అది చెప్పేది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందన్నదొక్కటే. ఓల్టేజీ పెరిగితే, షార్ట్ అయితే, వేడెక్కిపోతే తనంతట తాను ఆగిపోయే రక్షణలు ఉన్నాయా అన్నది విడిగా చూసుకోవాలి. డెల్టాలో అంతకన్నా ముందు చూడాల్సింది ఇన్‌పుట్ ఎంత అన్నది. లేబుల్ మీద 100-240 ఓల్టులు అని ఉన్న ఎస్‌ఎంపీఎస్, వేసవి సాయంత్రం ఊళ్ళో ఏసీలన్నీ ఒకేసారి ఆన్ అయి లైను 180కి పడిపోయినా తన పని తాను చేసుకుపోతుంది. 200-240 అని మాత్రమే ఉన్నది అక్కడే ఇబ్బంది పడుతుంది. చెరువుల ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే మోటార్లు), ఇళ్ళు ఒకే లైను మీద ఉన్న ఊళ్ళలో మోటార్లు స్టార్ట్ అయిన ప్రతిసారీ ఓల్టేజీ ఊగుతుంది కాబట్టి ఈ చిన్న అంకె విలువ అక్కడ ఇంకా ఎక్కువ. ఇలాంటి ఎస్‌ఎంపీఎస్ ఉంటే లో ఓల్టేజీ కోసం విడిగా స్టెబిలైజర్ అక్కర్లేదు.

లో ఓల్టేజీ కన్నా భయపడాల్సింది న్యూట్రల్ పోవడానికి. గాలివానకి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తీగ తెగినా, వదులైనా, కొన్ని ఇళ్ళకి ఓల్టేజీ పడిపోయి మిగిలిన ఇళ్ళకి 230 బదులు 300, 350, ఒక్కోసారి 400 దగ్గరదాకా వెళ్ళిపోతుంది. వీధి మొత్తం టీవీలు, ఫ్రిజ్‌లు ఒకేసారి కాలిపోయాయని వినే సంఘటనల్లో చాలావాటికి కారణం ఇదే. బోర్డులో లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్, ఎంసీబీ, దీన్ని ఆపదు, ఎందుకంటే అది కనిపెట్టేది కరెంటు ఎక్కువగా పారడాన్ని, ఓల్టేజీ పెరగడాన్ని కాదు. చవక స్పైక్ గార్డు రెప్పపాటు వచ్చిపోయే స్పైకులకి పనికొస్తుందేమో గానీ నిమిషాల తరబడి వచ్చే 350 ఓల్టుల ముందు నిలబడలేదు. బోర్డులో పెట్టించుకునే ఓవర్ ఓల్టేజీ కటాఫ్ పరికరం ఒకటి దొరుకుతుంది, ఓల్టేజీ గీత దాటగానే లైను కట్ చేసి, మామూలయ్యాక కాసేపాగి తిరిగి ఇస్తుంది. ఎలక్ట్రీషియన్‌తో పెట్టించుకుంటే ఒక్క సిస్టమే కాదు, ఇంట్లో టీవీ, ఫ్రిజ్ కూడా బతుకుతాయి, కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళని ఒప్పించడం కూడా సులువు.

తర్వాత ఎర్తింగ్. కేబినెట్ ఇనుప భాగం ముట్టుకుంటే వేళ్ళకి జిల్లుమంటోందని చాలామంది అంటారు, పార్టు ఏదో పాడైందని కంగారు పడతారు. చాలాసార్లు పార్టు బాగానే ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య నుంచి బాడీకి కలిసి ఉంటాయి, ఎర్త్ లేకపోతే బాడీ మీద సుమారు సగం ఓల్టేజీ తేలుతుంది. కరెంటు అతి స్వల్పం కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. అయినా ఇంటికి ఎర్తింగ్ లేదని అది ఇస్తున్న సమాచారం, దాన్ని పట్టించుకోవాలి: ఎర్త్ లేనిచోట నిజంగా ఇన్సులేషన్ పోయిన రోజు ఆ జిల్లు షాక్ అవుతుంది, స్పైక్ గార్డు కూడా సగం పనే చేస్తుంది. పాత పెంకుటిళ్ళకే కాదు, డాబాల్లో కూడా మూడో పిన్నుకి తీగే లాగని సాకెట్లు ఎన్నో ఉన్నాయి. డెల్టాలో ఉన్న సౌకర్యం ఏంటంటే నీరు పైపైనే ఉంటుంది, నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది, బొగ్గూ ఉప్పూ వేసి ఒక గుంత తీస్తే మెట్ట ప్రాంతాల్లో కన్నా తేలిగ్గా మంచి ఎర్త్ దొరుకుతుంది. ఖర్చు ఒక మోస్తరు ర్యామ్ స్టిక్కు పాటి ఉంటుందేమో, కానీ లిస్టుల్లో ఎక్కడా రాయరు.

యూపీఎస్ విషయానికొస్తే, దాని మీద రాసేది వీఏ, మనకి కావల్సింది వాట్లు. ఇక్కడ అమ్మే మామూలు యూపీఎస్‌లలో వీఏలో 60 శాతమే వాట్లు. 600 వీఏ అంటే 360 వాట్లు, 1000 వీఏ అంటే 600. ఆరు కోర్ల ప్రాసెసరు, మధ్యతరగతి గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టం గేమ్ ఆడేటప్పుడు మానిటర్‌తో కలిపి గోడ దగ్గర 250 నుంచి 300 వాట్లు లాగుతుంది, కార్డు క్షణంపాటు అంతకన్నా ఎక్కువే అడుగుతుంది. 600 వీఏ అంచు మీద నడుస్తుంది, బ్యాటరీ ఏడాది పాతబడితే కరెంటు పోయిన వెంటనే తనూ పోతుంది. ఇల్లంతటికీ ఇన్వర్టర్ ఉందిగా అనుకునేవాళ్ళు దాని మోడ్ చూసుకోవాలి. చాలా ఇన్వర్టర్లలో యూపీఎస్ మోడ్, ఎకో లేదా నార్మల్ మోడ్ అని రెండుంటాయి. యూపీఎస్ మోడ్‌లో లైను నుంచి బ్యాటరీకి మారడానికి పది మిల్లీసెకన్ల చుట్టుపక్కల పడుతుంది, మంచి ఎస్‌ఎంపీఎస్ ఫుల్ లోడ్ మీద కూడా సుమారు 16 మిల్లీసెకన్లు తన కెపాసిటర్ల మీదే నెట్టుకురాగలదు కాబట్టి సిస్టం ఆగదు. ఎకో మోడ్‌లో ఆ మార్పు ఆలస్యమై రీస్టార్ట్ అవుతుంది. ఇన్వర్టరు ఇచ్చే కరెంటు లైనులోలా నున్నటి అలగా ఉండే ప్యూర్ సైన్ వేవా, మెట్లుమెట్లుగా ఉండే స్క్వేర్ వేవా అన్నది కూడా అడగాలి, యాక్టివ్ పీఎఫ్‌సీ (లైను నుంచి కరెంటుని సక్రమంగా తీసుకునే సర్క్యూట్) ఉన్న కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు స్క్వేర్ వేవ్ మీద నిలబడవు. సైన్ వేవ్ ఇన్వర్టర్ యూపీఎస్ మోడ్‌లో ఉండి, ఫ్యాన్లు, లైట్లు పోను ఇంకో మూడొందల వాట్ల ఖాళీ ఉంటే విడిగా యూపీఎస్ కొనక్కర్లేదు, ఆ నాలుగైదు వేలు కార్డుకి వెళ్ళిపోవచ్చు.

గ్రాఫిక్స్ కార్డు: జీబీలు చూసి మోసపోవద్దు

ఇప్పుడు మిగిలిన డబ్బు. ఇందులో పెద్ద ముక్క గ్రాఫిక్స్ కార్డుదే, మానిటర్ కాకుండా లెక్కేస్తే మూడో వంతు నుంచి 40 శాతం దాకా. కానీ అంతకన్నా ముందు ఏ గేములు, ఏ స్క్రీను అన్నది తేల్చుకోవాలి. 1080పీ స్క్రీన్‌లో సుమారు 20.7 లక్షల పిక్సెళ్ళు (తెర మీది చుక్కలు) ఉంటాయి, 1440పీలో 36.9 లక్షలు, 4కేలో 83 లక్షలు. తక్కువ బడ్జెట్‌కి 1080పీయే సరైనది. ఆడేది వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ లాంటి షూటింగ్ గేము అయితే భారం ఎక్కువగా ప్రాసెసర్ మీద పడుతుంది, మోస్తరు కార్డు చాలు. కథ నడిచే పెద్ద పెద్ద ఓపెన్ వరల్డ్ గేములైతే భారమంతా కార్డుదే. హాస్టల్లో ఫ్రెండ్స్‌తో ఇప్పటికీ పాత క్రికెట్ గేమే ఆడేవాళ్ళకైతే కార్డే అక్కర్లేదు.

షాపుల్లో ఇంకా వినిపించే మాట, 'నాలుగు జీబీ గ్రాఫిక్స్ కార్డు వేస్తాం' అని. జీబీ అంటే కార్డు మీద మెమరీ ఎంతుందో చెప్పే అంకె, కార్డు బలం కాదు. జీటీ 730 అనే కార్డు 2014లో వచ్చింది, అప్పుడే అది అడుగు మెట్టు. దానికి నాలుగు జీబీల నెమ్మది మెమరీ తగిలించి ఇప్పటికీ అమ్ముతున్నారు. రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్లో లోపలే ఉండే గ్రాఫిక్స్ దానికన్నా బాగా పనిచేస్తాయి. కొంచెం సూక్ష్మంగా పట్టుబడే మోసం పేరులో ఉంటుంది. ఆర్‌టీఎక్స్ 3050 అని 2022లో వచ్చింది 8 జీబీది, 130 వాట్లది. 2024లో అదే పేరుతో 6 జీబీది వచ్చింది, కోర్లు కోసేశారు, 70 వాట్లకి తగ్గించారు. రెండు జీబీలే కదా తేడా అనుకుంటే పొరపాటు, కార్డే వేరు. కరెంటు వైరు కూడా అడగని కార్డు కావాలనుకునే పాత సిస్టం వాళ్ళకి అది పనికొస్తుంది, కొత్తగా కట్టేవాళ్ళకి కాదు.

ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ ఇంకో రకం. దానికి 4 జీబీ మెమరీ, మదర్‌బోర్డుతో మాట్లాడటానికి నాలుగే లేన్లు, అంటే డేటా నడిచే దారులు. మెమరీ నిండిపోయిన ప్రతిసారీ డేటా ఆ నాలుగు లేన్ల మీదుగా వచ్చిపోవాలి, ఏ520, బీ450 లాంటి పీసీఐఈ 3.0 (కార్డు దిగే స్లాటు పాత తరం) బోర్డు మీద ఆ దారి ఇంకా సగమైపోతుంది. కాయితం మీద బాగా కనిపించిన కార్డు ఆటలో కుదుపులిచ్చేది ఇందుకే. ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌టీఎక్స్ 5060 లాంటివాటికి ఎనిమిది లేన్లు ఉంటాయి. 8 జీబీలో ఇమిడినంత కాలం పీసీఐఈ 3.0 మీద కూడా పెద్ద నష్టం ఉండదు, కొత్త గేముల్లో టెక్స్చర్లు (గోడలు, నేల లాంటివాటి మీద కనిపించే బొమ్మలు) ఆఖరి మెట్టుకి పెంచి 8 జీబీ దాటించినప్పుడే తేడా బయటపడుతుంది. టెక్స్చర్లని ఒక మెట్టు దించితే చాలావరకు సర్దుకుంటుంది. నాలుగైదేళ్ళు మార్చకూడదనుకుంటే మాత్రం 12 జీబీ ఇంటెల్ ఆర్క్ బీ580, 16 జీబీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ వైపు చూడొచ్చు. అయితే బీ580కి రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి చూడగలిగే సౌకర్యం) ఉన్న బోర్డు తప్పనిసరి, పాత ప్రాసెసర్ల మీద దాని డ్రైవరు (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) భారం ఎక్కువ, కాబట్టి పాత సిస్టంలో పెట్టడానికి అది సరైన కార్డు కాదు.

ఇక వాట్లు. రివ్యూల్లో కార్డు ఎన్ని వాట్లన్నది చివర్లో ఒక ముక్క చెప్పి వదిలేస్తారు, డెల్టాలో అది ముందుకి రావాలి. ఆర్‌టీఎక్స్ 4060 115 వాట్లు, ఆర్‌ఎక్స్ 6600 132, ఆర్‌టీఎక్స్ 5060 145, ఆర్‌ఎక్స్ 7600 165, బీ580 190. సిస్టం తిన్న ప్రతి వాటూ చివరికి వేడిగా మారి గదిలోకే వస్తుంది. మే నెలలో రాజమండ్రి 40 డిగ్రీలు దాటి, రేకుల షెడ్డు గదిలోనో, పై అంతస్తు డాబా గదిలోనో సిస్టం ఉంటే, మూడొందల వాట్ల హీటర్ ఒకటి గదిలో పెట్టుకున్నట్టే. పైగా అంతే భారం యూపీఎస్ మీద కూడా పడుతుంది. అందుకే ఎఫ్‌పీఎస్ దగ్గరదగ్గరగా ఉన్న రెండు కార్డుల్లో తక్కువ వాట్లదాన్ని ఎంచుకోవడం, దానికి ఓ వెయ్యి ఎక్కువైనా సరే, ఇక్కడ తెలివైన పని.

డబ్బు రెండు విడతల్లో వస్తే

ఇక్కడి ఇళ్ళలో డబ్బు నెలనెలా సమానంగా రాదు. దాళ్వా (రెండో పంట) ధాన్యం అమ్మాక కొంత, చెరువు పట్టుబడి అయ్యాక కొంత. కాబట్టి సిస్టం మొత్తం ఒకేసారి కొనలేక, ఇప్పుడు సగం, సంక్రాంతికి గ్రాఫిక్స్ కార్డు అనుకునేవాళ్ళు ఎక్కువ. ఈ పద్ధతికి తగ్గ ప్రాసెసర్ ఏదన్నది లిస్టుల్లో దొరకదు.

సాధారణంగా చెప్పే సలహా 5600జీ. లోపలి గ్రాఫిక్స్‌తో వాలరెంట్ లాంటివి 1080పీలో తక్కువ సెట్టింగుల మీద హాయిగా నడుస్తాయి, తర్వాత కార్డు పెట్టుకోవచ్చు అని. మొదటి సగం నిజమే. రెండో సగంలో ఒక లోటు ఉంది: 5600జీలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ) 16 ఎంబీ, మామూలు 5600లో 32 ఎంబీ. పీసీఐఈ కూడా 5600జీది 3.0, 5600ది 4.0. కార్డు వచ్చిన రోజున ఈ కోతలు రెండూ బయటపడతాయి. ఆ కార్డు ఆర్నెల్లలో ఖాయంగా వస్తుందనుకుంటే ఐ5-12400 మంచిది, చివర ఎఫ్ లేనిది. ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు, కార్డు లేకపోతే స్క్రీనే రాదు. ఎఫ్ లేనిదానిలో ఉండే యూహెచ్‌డీ 730 పెద్ద గేములకి పనికిరాదు గానీ కాలేజీ పనికి, సినిమాలకి, పాత గేములకి సరిపోతుంది, కార్డు వచ్చాక ప్రాసెసర్ ఎక్కడా తగ్గదు. కార్డు ఎప్పుడొస్తుందో చెప్పలేని ఇంట్లో అయితే 5600జీయే నయం, ఎందుకంటే అక్కడ ఆట అంతా లోపలి గ్రాఫిక్స్ మీదే సాగాలి.

ఎఫ్ లేని ప్రాసెసర్‌కి పెట్టే ఆ కొంచెం ఎక్కువ డబ్బు వెనక ఇంకో కారణం ఉంది, దూరం. గ్రాఫిక్స్ కార్డు వారంటీలో ఉండి పాడైతే అది విజయవాడో హైదరాబాదో వెళ్ళి రావాలి, వారాలు పట్టొచ్చు. అన్నాళ్ళూ ఎఫ్ ప్రాసెసర్ ఉన్న సిస్టం ఖాళీ డబ్బా. ప్రాజెక్టు రికార్డు సబ్మిట్ చేయాల్సిన వారంలో అలా జరిగితే ఆ టెన్షన్ ఇంట్లో అందరికీ. మరీ తక్కువ బడ్జెట్‌లో నాలుగు కోర్ల ఐ3-12100 కూడా గౌరవంగానే నడుస్తుంది. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే రైజెన్ 5 7600, దానిలో చిన్న గ్రాఫిక్స్ ఉన్నాయి, క్యాష్ కోత లేదు, ఏఎం5 సాకెట్‌కి (బోర్డు మీద ప్రాసెసర్ దిగే చోటు) 2027 దాకానూ ఆ తర్వాతా ప్రాసెసర్లు ఇస్తామని ఏఎండీ చెప్పింది కాబట్టి బోర్డు మార్చకుండా ముందుకు పోవచ్చు.

ఆ చివరి సలహాకి ఇప్పుడు అడ్డం పడుతోంది ర్యామ్. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి మెమరీ చిప్పులన్నీ అటు వెళ్ళిపోయి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. క్రూషియల్ పేరుతో మామూలు కొనుగోలుదారులకి అమ్మే వ్యాపారం ఆపేస్తున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది కూడా. ఏఎం5 బోర్డుకి కొత్త తరం ర్యామ్ డీడీఆర్5 తప్ప వేరే దారి లేదు. ఇంట్లో పాత సిస్టంలో పాత తరం డీడీఆర్4 స్టిక్కులు రెండు ఉంటే మాత్రం లెక్క తిరగబడుతుంది, వాటిని వాడుకోనిచ్చే ఏఎం4 (రైజెన్ పాత సాకెట్) బోర్డు గానీ, డీడీఆర్4 తీసుకునే హెచ్610 (ఇంటెల్‌ది) బోర్డు గానీ కొంటే మిగిలే డబ్బు చిన్నదేం కాదు. హెచ్610 బోర్డుల్లో డీడీఆర్4వి, డీడీఆర్5వి రెండు రకాలున్నాయి, పేరు చివర చూసుకోవాలి, ఒకదాని స్టిక్కు ఇంకోదానిలో దిగదు. ఎనిమిదేసి జీబీల స్టిక్కులు రెండు ఒక పదహారు కన్నా మేలు, లోపలి గ్రాఫిక్స్ మీద ఆడేవాళ్ళకైతే ఇది తప్పనిసరి, వాటికి విడిగా మెమరీ లేదు, ఈ ర్యామే వాటి మెమరీ.

గేములు దాచుకునే ఎస్‌ఎస్‌డీ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. సెకనుకి 3500 ఎంబీల జెన్3కీ, 7000 ఎంబీల జెన్4కీ గేము లోడయ్యే సమయంలో కనిపించే తేడా తక్కువ, ఆ డబ్బుతో 500 జీబీ బదులు 1 టీబీ తీసుకోవడం మంచిది, పెద్ద గేము ఒక్కటే వంద జీబీ దాటుతోంది. పేరు తెలియని కంపెనీవి వద్దు.

వేడి, ఊక, చెమ్మ

కేబినెట్‌ని అందం చూసి కొంటారు. ముందు వైపు గాజు పలక, లోపల రంగు లైట్లు. గాజు పలక ఉన్నచోట గాలి లోపలికి పక్క సందుల్లోంచి దూరాలి. ప్రాసెసర్ వేడి ఎంతకి చేరుతుందన్నది గది వేడి మీద ఆధారపడుతుంది: 25 డిగ్రీల గదిలో 72 దగ్గర ఉన్న ప్రాసెసర్ 38 డిగ్రీల గదిలో అదే పనికి 85 దగ్గర ఉంటుంది. రైజెన్ 5 5600కి గరిష్ఠం 90, ఆ దగ్గరకి వచ్చాక తన వేగం తానే తగ్గించుకుంటుంది. కాబట్టి ముందు వైపు జాలీ ఉన్న కేబినెట్, ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి, ఇది చాలు. లిక్విడ్ కూలర్లకి ఈ బడ్జెట్‌లో చోటు లేదు, అరవై ఐదు వాట్ల ప్రాసెసర్‌కి అవసరమూ లేదు.

జాలీ ఉంటే దుమ్ము వస్తుంది, నిజమే. మండపేట, తణుకు వైపు రైస్ మిల్లుల దగ్గర ఇళ్ళలో ఊక బూడిద సన్నగా వచ్చి ప్రతిదాని మీదా పడుతుంది, కోతలప్పుడు ఇంకా ఎక్కువ. జాలీ లోపల తీసి కడిగే ఫిల్టర్ ఉందో లేదో చూసి కొనాలి, నెలకోసారి దాన్ని కడిగితే గ్రాఫిక్స్ కార్డు రెక్కల్లోకి వెళ్ళేది బాగా తగ్గుతుంది. ఖాళీగా ఉన్న వెనక స్లాట్లని మూతలతో మూసేయాలి, బల్లులు, బొద్దింకలు దూరి ఎస్‌ఎంపీఎస్ షార్ట్ చేసిన సందర్భాలు ఇక్కడి సర్వీస్ షాపులకి కొత్త కాదు. కేబినెట్‌ని నేల మీద పెట్టొద్దు. వానాకాలం గచ్చు చెమర్చే ఇళ్ళలోనూ, వరద నీళ్ళు గడప దాకా వచ్చే లంకల్లోనూ బల్ల మీదే దాని చోటు. అంతర్వేది, ఉప్పాడ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి, వాడకుండా వారాల తరబడి వదిలేసిన సిస్టంలో చెమ్మ ఇంకా పేరుకుంటుంది. రోజూ కాసేపు ఆన్ చేస్తే లోపలి వేడికి ఆ చెమ్మ పోతుంది. గేమ్ ఎఫ్‌పీఎస్‌ని మానిటర్ ఎంత చూపించగలదో అంతకి కట్టేస్తే కార్డు అనవసరంగా ఒళ్ళు హూనం చేసుకోదు, ఎండాకాలం ఆ ఒక్క సెట్టింగ్ చాలా పని చేస్తుంది.

మానిటర్ మీద పిసినారితనం వద్దు. ప్రాసెసర్, కార్డు మారినా అది ఉంటుంది. 60 హెర్ట్జ్ తెర 16.7 మిల్లీసెకన్లకి ఒక బొమ్మ చూపిస్తే 144 హెర్ట్జ్‌ది 6.9కే చూపిస్తుంది, షూటింగ్ గేములాడేవాళ్ళకి ఆ తేడా చేతికి తెలుస్తుంది.

సెకండ్ హ్యాండ్, బిల్లు, మొదటి వారం

ఆఫీసుల నుంచి వచ్చిన పాత డెస్క్‌టాప్, ఐ5 నాలుగో తరందో ఆరో తరందో, పది పన్నెండు వేలకి తీసుకుని అందులో కార్డు పెడదామన్న ఆలోచన ఒకప్పుడు బాగుండేది. ఇప్పుడు కాదు. విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా సౌకర్యంతో పాటు ఇంటెల్ ఎనిమిదో తరం గానీ ఆ పైది గానీ కావాలి. విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ (సిస్టం మొదలయ్యేటప్పుడు పనిచేసే రక్షణ) రెండూ ఆన్‌లో ఉండాలి. పైగా ఆ డబ్బాల్లో చాలావాటిలో ఎస్‌ఎంపీఎస్ కంపెనీ సొంత ఆకారంలో ఉంటుంది, బజారుది అందులో పట్టదు.

సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు మాత్రం ఆలోచించదగ్గదే. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారాక, దాన్ని సంపాదించే మైనింగ్‌లో నలిగిన కార్డులు బజారులోకి వచ్చాయి, జీటీఎక్స్ 10 సిరీస్‌కి ఎన్‌విడియా కొత్త గేముల డ్రైవర్లు 2025 అక్టోబర్‌తో ఆపేసింది, ఆర్‌ఎక్స్ 580 కూడా ఆ వరసలోదే. కాబట్టి ఎంత చవకగా వచ్చినా ఆ వయసువి వదిలేసి, మూడేళ్ళ వారంటీలో ఇంకా మిగిలి, ఒరిజినల్ బిల్లు ఉన్నదాన్నే చూడాలి. బిల్లు మీద సీరియల్ నంబరు, కార్డు మీద నంబరు ఒకటేనా అని పోల్చాలి, అరగంట గేమ్ నడిపి చూడనివ్వనివాళ్ళ దగ్గర కొనకూడదు.

కొత్తవి ఎక్కడ కొనాలన్నది ఎప్పుడూ ఉండే చర్చ. రాత్రి రైలెక్కి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ పార్టుల బజారు సీటీసీకి వెళ్ళి మోసుకొచ్చేవాళ్ళున్నారు, ఆన్‌లైన్లో తెప్పించేవాళ్ళున్నారు. ధరలో తేడా ఉంటుంది, కాదనలేం. కానీ అన్నీ ఒకే చోట కొనాలని ఏమీ లేదు. చెడిపోతే వెంటనే మార్చుకోవాల్సి వచ్చేవి, అంటే ఎస్‌ఎంపీఎస్, మదర్‌బోర్డు, యూపీఎస్, మన ఊళ్ళోనో పక్క టౌన్లోనో షాపులో తీసుకుని, అసెంబ్లింగ్ కూడా వాళ్ళతోనే చేయించి, గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ లాంటి ఎక్కువ ధరవి ఎక్కడ తక్కువైతే అక్కడ తీసుకోవచ్చు. ఈ ఏర్పాటు షాపువాళ్ళతో ముందే మాట్లాడుకోవాలి, కొందరు ఒప్పుకోరు, ఒప్పుకునేవాళ్ళు అసెంబ్లింగ్ చార్జీ అడుగుతారు, అది ఇవ్వడం న్యాయమే. జీఎస్టీ బిల్లు లేకుండా తక్కువకిస్తామంటే వద్దనాలి. ఆ తగ్గింపు వారంటీని వదులుకున్నందుకు ఇస్తున్నదే. ప్రాసెసర్ బాక్సులోదా, విడిగా ట్రేలోదా అని కూడా అడగాలి, బాక్సుదానికే కంపెనీ మూడేళ్ళ వారంటీ.

సిస్టం ఇంటికి వచ్చాక చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. హెచ్‌డీఎంఐ వైరు మదర్‌బోర్డుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారా? ఎఫ్ లేని ప్రాసెసర్‌తో చాలా బోర్డుల్లో ఎక్కడ పెట్టినా స్క్రీన్ వస్తుంది కాబట్టి ఈ పొరపాటు నెలలపాటు తెలియకుండా పోతుంది. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 144 హెర్ట్జ్ ఎంచుకోకపోతే కొత్త మానిటర్ 60 మీదే నడుస్తుంటుంది. బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల్లో) ర్యామ్‌ని పూర్తి వేగానికి పెట్టే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయకపోతే 3200 ర్యామ్ 2133 మీదో 2400 మీదో, 2666 మీదో ఆగిపోతుంది. ఇవి అయ్యాక, షాపులో కాదు, ఇంట్లో, రాత్రి ఎనిమిది గంటలప్పుడు ఊరి లైను మీద లోడు ఎక్కువగా ఉన్న సమయంలో, ఓ గంట పెద్ద గేము నడిపి, మధ్యలో యూపీఎస్ ప్లగ్గు స్విచ్ ఆపి చూడాలి. సిస్టం రీస్టార్ట్ అయితే లోపం యూపీఎస్‌లోనో, ఎస్‌ఎంపీఎస్‌లోనో, ఇన్వర్టర్ మోడ్‌లోనో ఉన్నట్టు, అప్పుడు ఒక్కొక్కటే మార్చి తేల్చుకోవచ్చు. షాపువాళ్ళు పార్టు మార్చి ఇచ్చే గడువు ఎన్నాళ్ళో కొనేటప్పుడే అడిగి బిల్లు మీద రాయించుకుని, ఈ పరీక్షలన్నీ ఆ లోపలే చేసేయాలి. గడువు దాటితే అదే లోపానికి పార్టుని పార్శిల్ చేసి హైదరాబాద్ పంపాల్సి వస్తుంది.